షంషాబాదుకు దారేది?

విమాన ప్రయాణం కష్టమని ఎవరన్నారో గాని, వారు విమానాశ్రయం దాకా వెళ్ళే పాట్లు ఎన్నడూ పడి ఉండరు. ఎక్కి కూర్చున్న తరువాత ఇక మనం చెయ్యవలసిందేమీ లేదు. నడిపేవారు నడుపుతారు, పెట్టేవారు పెడతారు. ఇంటి గడప దాటింది మొదలు ఆ గాజు తలుపు ముందు నిలబడేదాకా ఉన్నదే, అదీ అసలు ప్రయాణం! ఈ సంగతి నాకు 2025 భాద్రపదంలో, వినాయకుణ్ణి సాగనంపిన కొద్ది రోజులకే, మా అమ్మాయిని జర్మనీకి సాగనంపవలసి వచ్చినప్పుడు తెలిసివచ్చింది.

తెల్లవారుజామున నాలుగు గంటలకు విమానం. మూడు గంటల ముందే రావాలన్నారు. అంటే రాత్రి ఒంటిగంటకల్లా షంషాబాదులో ఉండాలి. టిక్కెట్టు మీద ఉన్న మాటలన్నిటిలోకీ నాకు అర్థమైనది ఒకటే: తప్పిపోతే డబ్బు తిరిగి రాదు. బ్యాంకు వారి అప్పులో కొంతా, మా ఆవిడ గాజుల్లో కొంతా కలిస్తే వచ్చిన టిక్కెట్టు అది. రెండోది కొనే స్తోమతు నాకు లేదు. అందుకే నల్లగొండ నుంచి ఒక రోజు ముందుగానే బయలుదేరి తార్నాకలో మా అక్కయ్యగారింట్లో దిగాము. నేను ఎం.ఏ. చదివింది ఉస్మానియాలోనే గనుక తార్నాక నాకు కొత్త కాదు. దారి తెలిసిన చోటనుంచి బయలుదేరితే దారి తప్పమని ధైర్యం.

రాత్రి భోజనాలు కాగానే సభ తీరింది. విషయం: షంషాబాదుకు ఎలా వెళ్ళటం?

మొదటి ప్రశ్న మా అమ్మ వేసింది. "బేగంపేటకు పోతే అరగంటలో చేరేవాళ్ళం గదరా, ఎందుకీ తిప్పలు?" అన్నది.

అమ్మ మాట తీసిపారవేయతగ్గది కాదు. బేగంపేట విమానాశ్రయం ఊరి నడుమనే ఉండేది. దగ్గరలోనే రైలు స్టేషను, వాకిట్లో సిటీ బస్సు. నేను విద్యార్థిగా ఉండగా దుబాయి నుంచి వచ్చే స్నేహితుణ్ణి తీసుకురావటానికి సిటీ బస్సులో చేతులూపుకుంటూ వెళ్ళి, మళ్ళీ సిటీ బస్సులోనే వాడి పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చాను. ఊరు పెరిగింది, విమానాలు పెరిగాయి, ఆ చోటు చాలలేదు. 2008 మార్చిలో షంషాబాదు దగ్గర సుమారు 5,500 ఎకరాల్లో కొత్తది తెరిచారు. బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. చిత్రమేమిటంటే బెంగుళూరు వారు కూడా అదే సంవత్సరం మే నెలలో తమ విమానాశ్రయాన్ని దేవనహళ్ళి దగ్గరికి తీసుకుపోయారు. రెండు ఊళ్ళ వాళ్ళూ ఒకేసారి ఒకే ప్రశ్న వేసుకోవటం మొదలుపెట్టారన్నమాట: అక్కడిదాకా వెళ్ళటం ఎలా?

"రైలుండాలోయ్!" అన్నారు మా బావగారు. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరయినవారు. రైలు తప్ప తక్కినవన్నీ ఆయన దృష్టిలో తాత్కాలికమైన ఏర్పాట్లు. "మద్రాసులో చూడు. మీనంబాకం విమానాశ్రయం ముందు రోడ్డు దాటితే తిరుశూలం స్టేషను. అది చాలక 2016లో మెట్రో కూడా వచ్చింది. బెంగుళూరులో 2021లో విమానాశ్రయం కోసమే ఒక హాల్టు పెట్టారు. మనకో? ఫలక్‌నుమా దగ్గర ఆగిపోయే ఎమ్మెమ్‌టీఎస్ బండిని 2023లో ఉందానగరు దాకా పొడిగించారు. ఉందానగరంటే షంషాబాదే. కాని స్టేషను ఒక పక్క, విమానాలు ఒక పక్క. నడుమ మళ్ళీ ఏదో ఒకటి ఎక్కాలి."

"మరి మెట్రో సంగతి?" అన్నాను.

"దానికి 2022 డిసెంబరులో రాయదుర్గం దగ్గర శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడు ప్రభుత్వం మారింది, దారీ మారింది. 2024లో నాగోలు, ఎల్.బి.నగరు, చాంద్రాయణగుట్ట మీదుగా అని కొత్త ప్రతిపాదన రాశారు. కాగితం మీద చాలా చక్కగా ఉంది."

ఆ రాత్రి మాకు కాగితం మీది రైలు పనికిరాదు గదా. అర్ధరాత్రి ఉందానగరు బండి ఎలాగూ ఉండదు. బావగారు ఆ మాట తామే ఒప్పుకుని, "వచ్చేటప్పుడు చూడండి, తెల్లవారిన తరువాత రైల్లో హాయిగా రావచ్చు" అని సర్దుకున్నారు.

మా మేనల్లుడు గచ్చిబౌలిలో కంప్యూటరు కంపెనీలో ఉద్యోగి. ఆ రాత్రి వాడికి డ్యూటీ. అందుచేత కారూ వాడితోనే పోయింది. ఫోనులోనే సలహా చెప్పాడు. "మామయ్యా, అసలు మీరు తార్నాక రావటమే పొరపాటు. నల్లగొండ నుంచి వస్తూ పెద్దఅంబరుపేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే ఊళ్ళోకి రాకుండానే షంషాబాదులో దిగేవారు" అన్నాడు. వాడన్నది నిజమే. ఆ రోడ్డు ఊరి చుట్టూ 158 కిలోమీటర్లు, ఎనిమిది వరుసలు. అందులో గచ్చిబౌలి, షంషాబాదుల నడుమ ముక్క 2008లోనే మొదట తెరిచారు. విజయవాడ వైపు నుంచి సొంత కారులో వచ్చేవారికి అంతకు మించిన దారి లేదు. అయితే సొంత కారు ఉండాలి, సుంకం కట్టాలి. బస్సు దిగినవాడికి ఆ పెద్ద రోడ్డు చూసి సంతోషించటం తప్ప వేరే ఉపయోగం లేదు. అలాగే కర్నూలు, మహబూబునగరం వైపు వారు అదృష్టవంతులు. వాళ్ళ బస్సులు బెంగుళూరు రోడ్డు మీద వస్తూ షంషాబాదు మీదుగానే ఊళ్ళోకి వస్తాయి. అక్కడ దిగితే మిగిలేది కొద్ది దూరమే.

మెహదీపట్నం వైపు ఉండేవారికి ఇంకొక సుఖం ఉన్నది. సరోజినీదేవి కంటి ఆసుపత్రి దగ్గర వంతెన ఎక్కితే మళ్ళీ ఆరాంఘరు దగ్గరే దిగటం. పదకొండున్నర కిలోమీటర్ల పైచిలుకు. 2009లో తెరిచిన ఆ వంతెనకు పి.వి. నరసింహారావుగారి పేరు పెట్టారు. ప్రధానమంత్రి పేరు గనుక పెట్టారని అందరూ అనుకుంటారు గాని, "వేయిపడగలు" నవలను "సహస్రఫణ్" అని హిందీలోకి అనువదించిన మనిషి పేరు మీద అంత పొడుగు వంతెన ఉండటం తెలుగు పాఠం చెప్పుకునే నాబోటివాడికి వేరే సంతోషం. కింద కాపురముండే జనం ఆ స్తంభాల నంబర్లే ఇంటి గుర్తులుగా చెప్పుకుంటారు. ఫలానా నంబరు పిల్లరు ఎదుట మా యిల్లు అంటారు. నవలలో పడగల లెక్కలాగా!

సరే, మేమున్నది తార్నాక. మేనల్లుడు మధ్యాహ్నమే ఫోనులో కారు మాట్లాడి పెట్టాడు. పది గంటల నలభై నిమిషాలకు వస్తుందన్నాడు. ఇక బెంగ లేదనుకున్నాము. మా అక్కయ్య మాత్రం, "పుష్పక్ బస్సు తార్నాక మీదుగానే పోతుందిరా. రాత్రీ పగలూ తిరుగుతుంది" అని రెండు మూడుసార్లు అన్నది. బస్సులో అర్ధరాత్రి ఆడపిల్లను, పెట్టెలను వేసుకుని ఎక్కడ పోతామని మేమెవరమూ ఆమె మాట చెవిన పెట్టలేదు.

పది నలభైకి డ్రైవరు ఫోను చేశాడు.

"డ్రాప్ యాడ సార్?"

"ఎయిర్‌పోర్టు, బాబూ."

"క్యాషా, ఆన్‌లైనా?"

"ముందే కట్టేశాము."

"అచ్ఛా. అయిదు నిమిషాల్ల వస్త."

అమ్మాయి ఫోనులో ఆ కారు బొమ్మ కనిపిస్తున్నది. అందరమూ దాని చుట్టూ మూగి చూస్తున్నాము. బొమ్మ కొంచెం మా వైపు వచ్చింది. ఆగింది. తరువాత వెనక్కు తిరిగి లాలాపేట వైపు వెళ్ళిపోయింది! ఇంకొక కారును పిలిచాము. అతను ఫోను కూడా చెయ్యలేదు, బొమ్మే మాయమైంది. మూడోది ఇరవై నిమిషాల దూరంలో ఉన్నదన్నారు. కాసేపటికి ఇరవై అయిదు అన్నారు. కారు దగ్గరికి వచ్చేకొద్దీ దూరం పెరగటం నేనెక్కడా వినలేదు.

డ్రైవర్లను అనవలసిన పని లేదేమో. అంత దూరం వెళ్ళినవాడు తిరుగు బేరం కోసం అక్కడ గంటలకొద్దీ కాచుకోవాలి, లేదా ఖాళీ బండితో రావాలి. ఆ లెక్కలు నాకు ఇప్పుడు తోస్తున్నాయి. ఆ రాత్రి మాత్రం నాకు తోచినవి అచ్చులో పెట్టతగిన మాటలు కావు.

గంట పదకొండు దాటింది. మా ఆవిడ దేవుడి పటం వైపు చూస్తూ నిలబడింది. అమ్మాయి మొహంలో నెత్తురు లేదు. అప్పుడు మా అక్కయ్య చెప్పులు తొడుక్కుని, ఒక పెట్టె తానే పట్టుకుని, "నడవండి" అన్నది.

ఇరవైమూడేసి కిలోల పెట్టెలు రెండు. వాటికి చక్రాలున్నాయి గాని మన కాలిబాటలు చక్రాల కోసం వేసినవి కావు. బావగారొకటి, నేనొకటి ఎత్తుకుని తార్నాక చౌరస్తాకు చేరేసరికి చొక్కాలు తడిసిపోయాయి. అమ్మను ఇంటి దగ్గరే ఉండమన్నాము. మనుమరాలి తల మీద చెయ్యి పెట్టి, "పోయి రా బిడ్డా" అని మాత్రం అన్నది. ఈ హడావుడిలో ఆ రెండు మాటలకే వ్యవధి దొరికింది.

ఆర్టీసీ వారు 2023లో ఫోనులో పనిచేసే ఏర్పాటొకటి తెచ్చారు. దాని పేరు "గమ్యం". బస్సు ఎక్కడున్నదో అందులో చూసుకోవచ్చును. మా అమ్మాయి చూసి, "సికింద్రాబాదులో బయలుదేరింది నాన్నా" అన్నది. కారు బొమ్మ చేసిన మోసం ఇంకా మరచిపోలేదు గనుక నేను నమ్మలేదు. అయితే ఈ బొమ్మ వెనక్కు తిరగలేదు. పదకొండున్నరకు బస్సు దీపాలు వేసుకుని నిజంగానే వచ్చి నిలబడింది. మా అక్కయ్య ఒక్క మాటా అనలేదు. అది ఆమె గొప్పతనం.

పుష్పకమని పేరు పెట్టినవారెవరో గాని రసజ్ఞులు. కుబేరుడి దగ్గర రావణుడు లాక్కున్నది, తిరిగి అయోధ్యకు రాముణ్ణి చేర్చినది ఆ విమానమే. ఎందరు ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని మన పెద్దలు చెప్పుకుంటారు. ఈ పుష్పకంలోనూ మా ముగ్గురికీ, రెండు పెట్టెలకూ చోటు దొరికింది. సామాను పెట్టుకోవటానికి వేరే కట్టుబడి ఉన్నది. చల్లగా ఉన్నది. 2019 నుంచి ఈ దారిలో కరెంటు బస్సులు కూడా నడుపుతున్నారు. ఒక్కరు వెళ్ళేటట్లయితే దీనంత చవక లేదు. ముగ్గురు నలుగురు వెళితే మాత్రం టిక్కెట్ల మొత్తం కారు బాడుగకు దగ్గర పడుతుంది. ఆ మాట దాచటం న్యాయం కాదు. కాని రాని కారు చవకైతేనేమి, ప్రియమైతేనేమి?

డ్రైవరు ఎక్కిన ప్రతివారినీ, "ఫ్లయిటు ఎన్నింటికి?" అని అడుగుతున్నాడు. నాలుగింటికని చెప్పాను. "బేఫికర్ సార్. ఒంటిగంట లోపలే దింపుత" అన్నాడు. మూడు గంటలుగా నా గుండెమీద కూర్చున్న బండ ఆ ఒక్క మాటతో దిగింది.

ఉప్పలు దాటింది. ఎల్.బి.నగరు దాటింది. మా వెనక వరుసలో ఇద్దరు ముసలి దంపతులు అమెరికాలో కొడుకు దగ్గరికి. ఆయన ప్రతి అయిదు నిమిషాలకూ పాస్‌పోర్టు తీసి చూసుకుంటున్నారు. పక్కన ముప్పై ఏళ్ళ మనిషి, జగిత్యాల వైపు పల్లె. మస్కట్‌లో పని. కాళ్ళ దగ్గర తాళ్ళతో బిగించిన అట్టపెట్టె, దాని మీద నల్ల రంగుతో పెద్ద అక్షరాలలో పేరు, ఊరు.

"నిన్ను దింపటానికి ఎవరూ రాలేదా?" అన్నాను.

"ఇంటికాడనే చెప్పొచ్చిన సార్. పోయిన తాప అందరూ జీపు కట్టుకుని ఎయిర్‌పోర్టు దాక వచ్చిన్రు. చిన్నపిల్ల ఆ గేటు కాడ పట్టుకుని ఇడవలె. గందుకే ఈసారి వద్దన్న" అన్నాడు. కొంచెంసేపు ఊరుకుని, "అది పండుకున్నప్పుడే ఎల్లిన" అన్నాడు.

మా ఆవిడ కిటికీ వైపు మొహం తిప్పుకున్నది. చీకట్లో పహాడీ షరీఫ్ గుట్ట మీది దీపాలు కనిపిస్తున్నాయి.

పన్నెండు గంటల నలభై నిమిషాలకు విమానాశ్రయం చేరాము. పొద్దుటి సంతకు ఉన్నంత జనం అర్ధరాత్రి అక్కడున్నారు. దిగి వచ్చేవారు కింది అంతస్తు, ఎక్కి పోయేవారు పై అంతస్తు. ఈ తేడా తెలియక తిరిగేవారు మాతోపాటు చాలామంది కనిపించారు. మస్కట్ మనిషి అడగకుండానే మా పెట్టె ఒకటి తోపుడుబండి మీదికెత్తి, దారి చూపి, తన పెట్టెతో తాను వెళ్ళిపోయాడు. పేరు అట్టపెట్టె మీద చదివాను గాని, ఇక్కడ రాయటం బాగుండదు.

టిక్కెట్టు లేనివారు తలుపు దాటటానికి వీల్లేదు. తుపాకీ పట్టుకున్న జవాను పాస్‌పోర్టూ టిక్కెట్టూ చూసి అమ్మాయిని లోపలికి పంపాడు. మేము గాజుకు ఇవతల. చెప్పవలసిన మాటలు నేను నెల రోజులుగా కూర్చిపెట్టుకున్నాను. నలభై మంది పిల్లల ముందు గంటసేపు ఆగకుండా మాట్లాడేవాణ్ణి, "చలికి మఫ్లరు కట్టుకో" అన్నాను. అంతే.

అరగంట తరువాత ఫోను. "నాన్నా, పెట్టె బరువెక్కువయింది. ఏదన్నా తియ్యాలంటున్నారు. తలుపు దగ్గరికి వస్తాను" అన్నది. వచ్చింది. చేతిలో గోంగూర పచ్చడి సీసా. మా ఆవిడ రెండు రోజులు కష్టపడి చేసినది. జవాను దాన్ని అటునుంచి అందుకుని ఇటు మాకు ఇచ్చాడు. తల్లీ కూతురూ ఆ సీసాను చూసుకుని నవ్వుకున్నారు. ఆ కాసేపూ ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు లేవు. తరువాత అమ్మాయి వెనక్కు తిరిగి జనంలో కలిసిపోయింది.

నాలుగు దాటేదాకా అక్కడే కూర్చున్నాము. ఎన్నో విమానాలు లేచాయి. ఏది మాదో తెలియక ప్రతిదానికీ మా ఆవిడ చెయ్యి ఊపింది.

తెల్లవారింది. పుష్పకం ఎదురుగానే నిలబడి ఉన్నది. ఎక్కితే గంటలో తార్నాక. "తొందరేముందండీ? అన్నయ్యగారు చెప్పిన రైల్లో పోదాము" అన్నది మా ఆవిడ. ఆమె ఉద్దేశం నాకర్థమయింది. ఆ ఇంట్లో నిన్నటి దాకా అమ్మాయి పడుకున్న పరుపు ఇంకా చుట్టి ఉండరు. షంషాబాదు ఊళ్ళోకి ఒక మామూలు బస్సు, అక్కడినుంచి ఉందానగరు స్టేషనుకు ఆటో. పెట్టెలు లేని చేతులకు ఏ దారైనా సులభమే. రైలు టిక్కెట్టు ఇద్దరికీ కలిపి వచ్చేటప్పటి బస్సు ఛార్జీలో ఒక మూలకు రాదు. బండ్లు మాత్రం తక్కువ. చాలాసేపు చెట్టు కింద కూర్చున్నాము. వేళకు విమానం అందుకోవలసినవాడు ఈ బండిని నమ్ముకోరాదు. తిరిగి వచ్చేవాడికి, తొందర లేనివాడికి ఫరవాలేదు.

బుద్వేలు, శివరాంపల్లి, ఫలక్‌నుమా, యాకుత్‌పురా. పాతబస్తీ పెరళ్ళలో బట్టలారవేస్తున్నారు, బడిపిల్లలు పట్టాల పక్కన నడుస్తున్నారు. డబీర్‌పురాలో కూరగాయల గంపతో ఒక పెద్దామె ఎక్కి మా ఎదుట కూర్చున్నది. మా ఆవిడ ఒళ్ళో ఉన్న సీసాను కాసేపు చూసి, "ఏం తొక్కమ్మా అది?" అని అడిగింది.

"గోంగూర. మా అమ్మాయికి చేసిందే" అన్నది మా ఆవిడ.

"యాడుంటది బిడ్డ?"

మా ఆవిడ కిటికీలోనుంచి పైకి చూసి, లెక్క కట్టుకుంటున్నట్లు ఆగి, "ఇంకా దారిలోనే ఉంది" అన్నది.